సున్నం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సున్నం గారి దివ్య సముఖమునకు, తమరు పూసిన గోడ పక్కనే పుట్టి పెరిగిన ఒకడు నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి.

మిమ్మల్ని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. సంక్రాంతి ముందు మా అమ్మమ్మ పాత కుండలో గుల్లసున్నం వేసి నీళ్లు పోస్తే, పొయ్యి లేకుండానే కుతకుత ఉడికేవారు. చిటికెడు నీలిమందు, కాస్త జిగురు, ఒక పీచు కుంచె. గోడ తెల్లబడేసరికి మా మొహాలన్నీ మచ్చలు. ఆకు వక్కలతో తాంబూలంలో కూర్చునేదీ మీరే, అన్నం పెట్టినవాడికే పెట్టేదీ మిమ్మల్నే. ఇన్ని కొలువుల మధ్య కళావిమర్శ కూడా చేస్తున్నారని మాత్రం నాకు ఆలస్యంగా తెలిసింది.

1932లో లాస్ ఏంజెలెస్ వాళ్లు ఓల్వెరా వీధిలో ఒక మేడగోడ చూపించి, మెక్సికో చిత్రకారుడు సికేరోస్‌ని బొమ్మ వేయమన్నారు. అంశం 'ఉష్ణమండల అమెరికా'. పళ్లూ, చిలకలూ, పచ్చని చెట్లూ వేస్తాడనుకున్నారు పాపం. ఆయన శిలువకు కట్టేసిన ఒక మూలవాసిని వేసి, ఆ శిలువ మీద అమెరికా గద్దను కూర్చోబెట్టాడు. ఇంకేముంది, తమరికి కబురు వెళ్లింది. ఏడాది తిరక్కముందే వీధిలోంచి కనబడే ముక్క, ఆ దశాబ్దం ముగియకముందే మొత్తం బొమ్మ మీ కడుపులోకి పోయింది.

అక్కడే మీ అసలు గుణం బయటపడింది. ఎండకూ వానకూ మీరు ఆగలేరు కదా. మూడు నాలుగు దశాబ్దాలు గడిచేసరికి పెచ్చులూడటం మొదలెట్టారు. శిలువ మీది మనిషి గోడలోంచి నీడలా తేలాడు. 2012 అక్టోబరు 9న, అంటే ఆవిష్కరణ జరిగిన రోజుకు సరిగ్గా 80 ఏళ్లకు, గోడకు నీడ కట్టి, జనం నిలబడి చూడటానికి వేదిక వేసి మరీ తెరిచారు. వెలిసిన రంగులకు కొత్త రంగు పూయలేదు. మీరు మింగగా మిగిలిందే ఇప్పటికీ చూస్తున్నారు.

న్యూయార్కులో ఇంకాస్త దిగజారారు. క్వీన్స్‌లో ఫైవ్ పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ భవనం. యజమాని అనుమతితోనే కళాకారులు దాని గోడల మీద ఏళ్ల తరబడి బొమ్మలేశారు, పక్కనే పోయే 7 నంబరు రైల్లోంచి జనం చూసేవారు. అక్కడ అపార్టుమెంట్లు లేపాలని యజమానికి బుద్ధి పుట్టాక, 2013 నవంబరులో ఒక రాత్రి మిమ్మల్ని పిలిచారు. (డబ్బా మీద పెయింటు అని రాసుంటుందిలెండి, వంశం మీదే.) తెల్లారేసరికి బొమ్మల బతుకులు తెల్లారాయి. ఎలాగూ కూల్చబోయే గోడకు ఆ అర్ధరాత్రి అలంకారం ఎందుకో! కళాకారులు కోర్టుకెక్కారు. 2018లో జడ్జి 21 మందికి కలిపి 67 లక్షల డాలర్లకు పైగా ఇప్పించాడు, 2020లో అప్పీలులోనూ అదే నిలిచింది. తీర్పులో తమరి ప్రస్తావన కూడా ఉంది. చవకరకం తెల్లరంగు, అదీ పల్చగా పూశారట. కింద బొమ్మలు కనబడుతూనే ఉన్నాయట, వేసినవాళ్లు రోజూ చూసి కుమిలిపోయేలా. మా వీధి చివర పెయింట్ల షాపాయనకు ఈ లెక్క చెబితే, కుర్చీలోంచి లేచి మీ డబ్బాకు దణ్ణం పెట్టాడు.

మీ బంధువర్గం తక్కువదా? 2017 జనవరిలో సావో పావ్లో మేయరు 'అందమైన నగరం' అని పథకం పెట్టి, ఒక పెద్ద రహదారి గోడల మీది బొమ్మల్ని అక్షరాలా బూడిదపాలు చేశాడు. రంగు కూడా బూడిదే మరి. బెర్లిన్‌లో మాత్రం కథ అడ్డం తిరిగింది. క్రోయిట్స్‌బెర్గ్‌లో బ్లూ అనే ఇటలీ కళాకారుడు వేసిన రెండు పెద్ద బొమ్మల్ని 2014 డిసెంబరులో ఆయన ఇష్టంతోనే నల్లరంగుతో మూసేశారు. మన బొమ్మ చూపించి వీళ్లు స్థలాల రేటు పెంచుకుంటారా అని ఒళ్లు మండి. అక్కడ మీకు పనే లేకపోయింది.

ఇక మా గోడ సంగతి. ఎన్నికల కోడ్ రాగానే తమరు దిగుతారు, కోడ్ పోగానే గుర్తులు దిగుతాయి. మొన్న వానకు ప్రహరీ మీద పెచ్చు ఊడితే, ఊరుకోలేక గోరుతో గీకాను. మీ కింద ఫ్యాను రెక్క. మళ్లీ మీరు. సైకిలు చక్రంలో సగం. మళ్లీ మీరు. హస్తంలో రెండు వేళ్లు. మళ్లీ మీరు. అట్టడుగున తలకిందులుగా ఎర్ర త్రికోణం, పక్కన '...ముగ్గురు చాలు' అన్న ముక్క. మా నాన్నకు నేను ఐదోవాణ్ని. ఆయన రోజూ ఆ గోడ పక్కనుంచే పనికి వెళ్లేవాడు.

కాబట్టి విన్నపం ఒక్కటే. ఈసారి వచ్చేటప్పుడు కూడా పల్చగానే కలపండి. పాత చొక్కా ఒకటి తీసిపెట్టాను, కుంచె పట్టేవాళ్లకు పనికొస్తుంది.

ఇట్లు,
గోరులో సున్నం ఇరుక్కున్నవాడు

తా.క.: 'ఇచ్చట మూత్రము పోయరాదు' దగ్గరకు రాగానే మాత్రం కుంచె ఎంత ఒడుపుగా పక్కకు తిరుగుతుందో! ఇన్నేళ్లలో ఒక్క అక్షరం చెరగలేదు. దాని కింద తడీ ఆరలేదు.