రాజుగారి నల్ల కుక్క, మన వాట్సాప్ గ్రూపు

1660లో లండన్ పత్రిక 'మెర్క్యూరియస్ పబ్లికస్'లో ఓ ప్రకటన పడింది. నల్ల కుక్క, గ్రేహౌండ్‌కూ స్పానియల్‌కూ మధ్యరకం, రొమ్ము మీద మాత్రం చిన్న చార, తోక కాస్త పొట్టి. సాక్షాత్తూ రెండో చార్లెస్ రాజుగారిది. తనంతట తాను యజమానిని వదిలిపోయే రకం కాదు, ఎవరో ఎత్తుకుపోయారు అంటూ, రాజుగారిని దోచుకోవడం ఇక మానరా, ఆయన ఓ కుక్కను కూడా పెంచుకోకూడదా అని చివర్లో దెప్పిపొడిచారు.

నగరంలో పెంపుడు జంతువుల చరిత్ర రాయమంటే నేను ముందు తిరగేసేది ఈ 'కనబడుటలేదు' ప్రకటనలనే. కుక్క ఏ వీధిలో తప్పిపోయింది, ఏ పేరుతో పిలిస్తే వస్తుంది, తెచ్చిస్తే ఎంత ఇస్తారు... కుక్క ఇంటి మనిషైపోయిన సంగతి ఆ మూడు లైన్లలోనే తెలిసిపోతుంది. ఆ డబ్బు కోసమే కుక్కల్ని ఎత్తుకెళ్లే ముఠాలూ తయారయ్యాయి. 1845లో బ్రిటన్ అందుకోసం ప్రత్యేకంగా చట్టమే తెచ్చింది.

అలాగని పత్రికలు మూగజీవాల పక్షాన నిలిచాయనుకోవద్దు. 1885 డిసెంబరులో అమెరికాలోని నెవార్క్‌లో పిల్లల్ని కుక్క కరిచింది. పిచ్చికుక్క కాటుకు పాశ్చర్ టీకా వచ్చి అప్పటికి ఐదు నెలలే. పత్రికల్లో పిలుపు వచ్చింది, చందాలు పోగయ్యాయి, నలుగురు పిల్లలు పారిస్ వెళ్లి టీకా వేయించుకున్నారు. మంచిదే. కానీ అదే వార్తను రోజుల తరబడి సాగదీస్తే, చదివేవాడికి వీధిలో ప్రతి కుక్కా పిచ్చిదిగానే కనిపిస్తుంది.

టోక్యోలో దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. చనిపోయిన యజమాని కోసం షిబుయా స్టేషన్ దగ్గర ఏళ్లుగా ఎదురుచూస్తున్న హచికో అనే కుక్కను అదిలించినవాళ్లే ఎక్కువ. 1932లో అసాహి పత్రికలో కథనం రాగానే జనం ముద్దు చేయడం మొదలుపెట్టారు. రెండేళ్లకు విగ్రహమూ వెలిసింది. అదిలించినవాడూ జాలిపడినవాడూ చదివింది ఒకే పేపర్. మనకిప్పుడు లేనిది ఇదే. కుక్కలకు అన్నం పెట్టేవాళ్లది ఒక గ్రూపు, కుక్కలంటే హడలిపోయేవాళ్లది ఇంకో గ్రూపు.

వెతకడంలో మాత్రం పేపర్ కన్నా ఫోనే మేలు, కాదనను. అయితే ఆ చిన్న ప్రకటనల డబ్బే విలేకరి జీతంలోకి వెళ్లేది. 1995లో మొదలైన క్రెయిగ్స్‌లిస్ట్ లాంటి ఆన్‌లైన్ ప్రకటనల సైట్లు వాటిని ఉచితం చేసేశాయి. ప్రకటనలు పోయాయి, వాటి వెనకే విలేకరీ పోయాడు. ఎన్ని కుక్కలకు టీకాలు వేశారు, ఎన్నింటికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు అని కార్పొరేషన్ గుమ్మం ఎక్కి అడిగేవాడు అతనే.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఓ పిల్లి ఫొటో పడింది. తెల్లది, ఎడమ చెవి కొస చిరిగింది. రెండో రోజే లిఫ్ట్ మెషిన్ రూములో దొరికింది. ఆ మాట మాత్రం ఎవరూ గ్రూపులో పెట్టలేదు. ఆరు నెలలైనా ఆ ఫొటో ఎవరెవరి గ్రూపుల్లోనో తిరిగి నాకే ఫార్వర్డ్ అవుతోంది. పిల్లేమో పక్క ఫ్లాట్ బాల్కనీలో ఎండకు పడుకుని ఉంది.