రాయలవారి విందులో మిరపకాయ బజ్జీ

పిల్లలకు చారిత్రక కథలు రాసేవాళ్లలో ఈమధ్య ఒక దురలవాటు ప్రబలుతోంది. రాసేముందు చదువుతున్నారట! శాసనాలు, యాత్రికుల రాతలు, పాత కావ్యాలు తిరగేస్తున్నారట. ఇది ముదరకముందే పెద్దవాళ్లం కలగజేసుకోవాలి.

మనకంటూ ఒక పద్ధతి ఉంది. శ్రీకృష్ణదేవరాయలంటే తళతళలాడే కిరీటం, కోరమీసం, సినిమా కంఠం. మొదటి పేజీలో వీధుల్లో రత్నాలు రాశులు పోసి అమ్మాలి. కొన్నదెవరు, దేంతో కొలిచారు అని అడిగే పిల్లవాణ్ణి వెనక బెంచీకి పంపాలి. రెండో పేజీలో తెనాలి రామకృష్ణుడు దొంగల చేత నీళ్లు తోడించాలి. మూడో పేజీలో నీతి. ఇంతటి నిండైన సాహిత్యంలోకి పరిశోధన దూరితే ఏమవుతుందో చూడండి.

ముందుగా విందు చెడుతుంది. మిరపకాయ అమెరికా ఖండం సరుకనీ, పోర్చుగీసు ఓడల పుణ్యమా అని ఇటు చేరిందనీ, 1509లో రాయలు గద్దెనెక్కేనాటికి మన వంటల్లో కారమంటే మిరియాలేననీ వీళ్ల వాదన. అంటే ఆంధ్రభోజుడికి ఎర్రటి ఆవకాయ లేదన్నమాట! మన మనోభావాలు ఏం కావాలి? అక్కడితో ఆగరు. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జామపండు, ఆఖరికి గుమ్మానికి కట్టిన బంతిపూల దండ కూడా తీసేయమంటారు. అన్నీ ఆ ఖండానివేనట.

తర్వాత రాజుగారి జోలికొస్తారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన డొమింగో పాయెస్ అనే పోర్చుగీసువాడు రాయలు ఒడ్డూ పొడుగూ మనిషేం కాదు, మధ్యస్థమైన ఎత్తేనన్నాడు. కాస్త లావు, మొహాన మశూచి మచ్చలు ఉన్నాయని కూడా రాసిపెట్టాడు. తలకు జలతారు కుళ్లాయి, కాళ్లకు చెప్పుల్లేవు. కిరీటం ఏదయ్యా అంటే సమాధానం లేదు. పైగా రాజుగారు తెల్లవారకముందే లేచి నువ్వులనూనె తాగి, అదే నూనె ఒళ్లంతా పట్టించి, మట్టితో చేసిన బరువులెత్తి, తాగిన నూనె చెమటై కారేదాకా కత్తి తిప్పి, మల్లుడితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కేవారట. ఇలాంటివి చెబితే పిల్లలు కళ్లింతలు చేసుకుని వింటారు. అదే అసలు ప్రమాదం. చరిత్ర పాఠానికి కునుకు రాకపోతే క్రమశిక్షణ ఏముంటుంది?

ఇంకో ఘోరం. రాయలవారే రాసిన ఆముక్తమాల్యదలో వానాకాలపు వంట ఉంది. జడివానకు కట్టెలు తడిసి పొగ కమ్మితే ఇల్లాలి కళ్లు మండుతాయని కొబ్బరి చిప్పలు మండించి వండిస్తాడు ఆ కావ్యంలోని భక్తుడు విష్ణుచిత్తుడు. అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు, నెయ్యి. రాయచూరు కోట పట్టిన చక్రవర్తికి పొయ్యి పొగ సంగతి తెలుసని పిల్లలకు చెప్పవచ్చునా? రేపు నాన్నను వంటింట్లోకి పొమ్మంటే ఎవరిది పూచీ?

ఇవన్నీ పెట్టి కథ రాసిన ఒక అమాయకుణ్ణి నేనెరుగుదును. ప్రచురణకర్త మంచివాడు, ఓపిగ్గా దిద్దాడు. "నూనె వద్దు మాస్టారూ, పిల్లలు తాగేస్తారు, పాలు చేద్దాం. మచ్చలు వద్దు, బొమ్మలేసే అబ్బాయి దగ్గర హీరోగారి ఫొటో ఉంది. కుళ్లాయి పెడితే రాజని ఎలా తెలుస్తుంది? ఆ కొబ్బరి చిప్పల గోల తీసేసి అక్కడ మిరపకాయ బజ్జీలు పెట్టండి, నేటివిటీ వస్తుంది."

అన్నీ పోగా "అనగనగా ఒక రాజు" మిగిలింది. పుస్తకం ప్రెస్సుకు వెళ్లింది. అట్ట మీద "ఎన్నో ఏళ్ల పరిశోధన ఫలం" అని బంగారు అక్షరాల్లో వేస్తున్నారు, చుట్టూ బంతిపూల బోర్డరుతో.