సవరణ: ‘అభ్యసన శైలులు’ టపాపై వివరణ

పిల్లల్లో చూసి, విని, చేసి నేర్చుకునేవారు ఉంటారన్న మా గత టపా చదివి, అయితే తరగతిని మూడు జట్లుగా విడదీయవచ్చునా అని కోనసీమ ఉపాధ్యాయులు కొందరు అడిగినందున ఈ సవరణ. విడదీయనక్కరలేదు. పిల్లలకు ఇష్టాయిష్టాలు ఉన్నమాట నిజమే గాని, ఇష్టమైన పద్ధతిలో బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటి పరిశోధనలను సమీక్షించి తేల్చారు. కాబట్టి ఆ టపాలోని ‘శైలిని బట్టి బోధన’ను ‘పాఠాన్ని బట్టి బోధన’గా చదువుకోవాలి.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిన తీరు, ‘విని నేర్చుకునే’ పిల్లవాడికైనా పటం చూపకుండా బోధపడదు; ఉత్పలమాల నడక, ‘చూసి నేర్చుకునే’ అమ్మాయికైనా పద్యం గొంతెత్తి చదివితేనే చెవికెక్కుతుంది. కాలువ నీటి వేగం లెక్కకట్టాలంటే గట్టు వెంట 10 మీటర్లు కొలిచి, ఎండు కొబ్బరికాయను నీటిలో వదిలి, అది ఆ దూరం దాటేందుకు పట్టిన సెకన్లను అందరూ చూసుకోవాలి. ఆపైన నోటుబుక్కులో భాగహారం ఎలాగూ తప్పదు. ఎవరిది ఏ శైలో తేల్చే ప్రశ్నావళి నింపించి పేరు పక్కన ఆ ముద్ర వేస్తే, ‘నేను వినే రకం’ అని ఆ భాగహారం ఎగ్గొట్టడానికి పిల్లలకు సాకు దొరుకుతుంది, అంతే.

చూపు, వినికిడి లోపాలున్న పిల్లలకు చేయవలసిన ప్రత్యేక ఏర్పాట్లకు ఈ సవరణ వర్తించదు.