ఏఆర్‌లో .22 కిట్ పెట్టుకుంటే చిన్నతనమా?

నిన్న షూటింగ్ రేంజ్‌లో మళ్ళీ అదే మాట పడ్డాను. "అంత మంచి ఏఆర్-15 కొనుక్కుని అందులో ఈ .22 కిట్ ఏంటన్నా, పిల్లల బొమ్మలాగా?" అన్నాడు మనవాడొకడు. ఏఆర్-15 రైఫిల్‌లో చిన్న, చవక .22 తూటాలు కాల్చుకునేలా చేసేదే ఈ కిట్. అప్పటికి ఊరుకున్నాను గానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. ఈ డల్లాస్ చుట్టుపక్కల నాకు తెలిసిన మనవాళ్ళలో చాలామంది ఏం చేస్తున్నారంటే, రైఫిల్ కొంటారు, ఒక రోజు వెళ్ళి రెండు మ్యాగజైన్లు గబగబా కాల్చేస్తారు, ఫోటోలు దిగుతారు, తూటా ఒక్కోటి యాభై సెంట్ల దాకా పడుతోందని లెక్క చూసుకుని సేఫ్‌లో పెట్టేస్తారు. ఆర్నెల్ల తర్వాత బయటికి తీస్తే సేఫ్టీ ఎటు తిప్పాలో తడుముకుంటుంటారు. ఇంట్లో పిల్లలున్న మనిషి అలా తడుముకోవడం చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

కిట్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. వెనక పిన్ తోసి రైఫిల్ తెరిచి, మామూలు బోల్ట్ క్యారియర్ (తూటాని లోపలికి తోసి వెనక మూసే భాగం) బయటికి లాగి, ఆ చోట .22 బోల్ట్ పెట్టడమే. దాని ముందు భాగం అచ్చం ఏఆర్ మామూలు తూటా .223 ఖాళీ కేసు (తూటా ఇత్తడి గొట్టం) ఆకారంలో ఉండి ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట, కూర్చుంటుంది, .22 తూటా అందులోకి వెళ్తుంది. మ్యాగజైన్ వేరే. బ్యారెల్ అదే, ఎందుకంటే .223 బుల్లెట్ 0.224 అంగుళాల మందం, ఈ .22 తూటా (పూర్తి పేరు .22 లాంగ్ రైఫిల్) బుల్లెట్ దాదాపు 0.223. ట్రిగ్గర్ మనదే, సైట్ మనదే, సేఫ్టీ మనదే. ఖర్చు మాత్రం తూటాకి ఎనిమిది, పది సెంట్లు.

ఇదేదో చవకబారు ఉపాయం అనుకునేవాళ్ళకి చెప్తున్నా, అమెరికా సైన్యమే ఎం16ల (ఏఆర్-15కి సైనిక రూపం) కోసం ఎం261 అనే .22 కిట్ వాడింది. అంతెందుకు, మనలో ఎన్‌సీసీ చేసినవాళ్ళు గుర్తు తెచ్చుకోండి. నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు నా చేతికిచ్చిన నంబర్ 2 మార్క్ 4 రైఫిల్, చూడ్డానికి అప్పట్లో పోలీసులు మోసే .303 లాగే ఉండేది. ఉండటమేంటి, అది .303నే .22కి మార్చిన రైఫిల్! ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చాలి, కింద మ్యాగజైన్ డబ్బా ఖాళీ కేసులు పడటానికే. 25 గజాలు, ఐదు తూటాలు. ఊపిరి ఎక్కడ ఆపాలో, ట్రిగ్గర్ ఎంత నెమ్మదిగా నొక్కాలో హవల్దార్ సార్ పక్కన బోర్లా పడుకుని మరీ చూపించారు. నా చేతిలో ఉన్న ఆ కాస్త విద్య అక్కడిదే.

.22 మీద అందరూ చెప్పే ఫిర్యాదు, అది అన్నిసార్లూ పేలదని. నిజమే. .223 లాంటి సెంటర్‌ఫైర్ తూటాలో అడుగున మధ్యలో మందుకి నిప్పంటించే ప్రైమర్ వేరే ఉంటుంది, .22 లాంటి రిమ్‌ఫైర్‌లో ఆ పేలే పదార్థం కేసు అంచు చుట్టూ లోపల పూసి ఉంటుంది, అది సరిగ్గా పడనిచోట పిన్ కొడితే ఉత్త క్లిక్కే. కానీ నాకు ఆ క్లిక్కే ఇష్టం. మొన్న ఒక తమ్ముడు నా రైఫిల్ కాలుస్తున్నాడు, ఏడో ఎనిమిదో తూటా పేలలేదు. పేలలేదు గానీ బ్యారెల్ మూతి మాత్రం టపీమని రెండంగుళాలు కిందికి దిగింది! రైఫిల్ తన్నుతుందేమోనని ముందే భుజం బిగించేస్తున్నాడన్నమాట. .223 కాలుస్తుంటే ఆ చప్పుడులో, ఆ తన్నులో అది జన్మలో కనపడదు. మూతి టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగమన్నాను, ఆలస్యంగా పేలే తూటాలు కూడా ఉంటాయి కాబట్టి. ఆ తర్వాత ఇంకో యాభై కాల్చాడు, చివరి పదిలో మూతి కదల్లేదు.

కిట్‌కి లోపాలున్నాయి, దాచను. మామూలు .22 రైఫిల్ గొట్టంలో బుల్లెట్‌ని గిర్రున తిప్పే గాడి పదహారు అంగుళాలకో చుట్టు తిరుగుతుంది, ఏఆర్‌లో ఏడు నుంచి తొమ్మిది అంగుళాలకే, పైగా బుల్లెట్ గాడి అందుకునేలోపు కాస్త దూరం దూకాలి, అందుకని యాభై గజాలు దాటితే గురి చెదురుతుంది. మ్యాగజైన్ అయిపోయినా చాలా కిట్లలో బోల్ట్ వెనక ఆగదు. తన్ను అసలే లేదు కాబట్టి వరసగా వేగంగా కాల్చడం దీనిమీద నేర్చుకున్నాను అనుకుంటే అది భ్రమ. సీసం బాగా అంటుకుంటుంది, ఇంటికెళ్ళి చేతులు, మొహం కడుక్కున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి.

ఒక్కటి మాత్రం కచ్చితంగా చూసుకోండి. ఓసారి నాకు చవక డబ్బాలో తూటా 'ఠప్' అనకుండా 'తుస్' మంది. అలా అయితే ఆపేయాలి, అంతే. తూటా, మ్యాగజైన్ తీసేసి, రైఫిల్ విప్పి బోల్ట్ బయటపెట్టి బ్యారెల్‌లో వెలుతురు కనపడుతుందో లేదో చూశాను, కనపడలేదు. బుల్లెట్ మధ్యలో ఇరుక్కుపోయింది. దాని వెనక నిజం .223 కాల్చి ఉంటే బ్యారెల్ పగిలేది. అప్పటినుంచి కిట్ తీసి మామూలు బోల్ట్ పెట్టే ప్రతిసారీ బ్యారెల్ లోపల చూడకుండా ఒక్క .223 కూడా ఎక్కించను.

నిన్న బొమ్మ అన్న తమ్ముడూ, ఇది చదువుతావని తెలుసు. వచ్చే ఆదివారం రా, కిట్ నాదే, తూటాలూ నావే. 25 గజాలు, ఐదు తూటాలు, హవల్దార్ సార్ పెట్టిన లెక్కే. రూపాయి బిళ్ళంత చోటులో ఎన్ని పడతాయో ఇద్దరం కాల్చి చూద్దాం.