ఇంట్లో ఇంకో ఇల్లు

లినక్స్‌లో, ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఏముందో చూపే ఎల్ఎస్ కమాండ్ కొడితే ఫైళ్ల మధ్య ~ అనే పేరుతో ఓ ఫోల్డర్ తీరిగ్గా కూర్చుని ఉంటుంది. లోపల .క్యాష్, దాని లోపల ఏదో ప్రోగ్రాం మళ్లీ వాడుకోవడానికి దాచుకున్న బొమ్మలు.

ఆ ప్రోగ్రాం రాసినాయనకు నియమం తెలియక కాదు. ఎక్స్‌డీజీ_క్యాష్_హోమ్ అనే వేరియబుల్‌లో దారి ఉంటే క్యాష్ అక్కడికి, లేకపోతే ~/.క్యాష్‌కి, అంటే యూజర్ సొంత ఫోల్డరైన హోమ్‌లోని .క్యాష్‌కి, పోవాలి. అది చదివే, పైథాన్‌లో ఫోల్డర్లు సృష్టించే మేక్‌డిర్స్‌కి "~/.క్యాష్/బొమ్మలు" అని శ్రద్ధగా ఇచ్చాడు. ఆ ~ని హోమ్‌గా విప్పేది మనం కమాండ్లు కొట్టే షెల్లు; సిస్టమ్ గుండెకాయైన కెర్నెల్‌కి అదీ ఒక అక్షరమే. కాబట్టి ప్రోగ్రాంను ఏ ఫోల్డర్‌లో నడిపితే అక్కడ కొత్త కాపురం. పోయినసారి దాచిన బొమ్మలు ఇంకో ఊళ్లో ఉంటాయి గనుక క్యాష్ ఉండీ లేనట్టే. షెల్లు మొదలైనప్పుడు చదివే బ్యాష్‌ఆర్‌సీ ఫైల్లో ఆ వేరియబుల్‌ని కోట్స్ మధ్య "~/.క్యాష్" అని రాసినా ఇదే తంతు. స్లాష్‌తో మొదలవ్వని దారిని పట్టించుకోవద్దని నియమంలో ఉంది, కానీ అంత దూరం చదివేదెవరు?

ఇప్పుడు శుభ్రత మీద ప్రేమ పుడుతుంది. చెయ్యి దానంతటదే, లోపలున్నవన్నీ చెరిపే ఆర్‌ఎం -ఆర్‌ఎఫ్ ~ కొడుతుంది. ఈసారి షెల్లు మాత్రం తన పని తాను చక్కగా చేస్తుంది: ~ని హోమ్‌గా విప్పుతుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే అక్షరాలా ఇదే. సిస్టమ్ మొత్తానికి మూల ఫోల్డరైన స్లాష్‌ని (/) చెరపమంటే ఆర్‌ఎం మొరాయిస్తుంది గానీ, హోమ్ విషయంలో దానికే మొహమాటమూ లేదు; -ఎఫ్ ఉంది కదా, అడగదు కూడా. చిటికెడు ఫోల్డర్‌కి ఇంతసేపా అని అనుమానం వచ్చి కంట్రోల్-సీ నొక్కేసరికి ఫొటోలూ, వేరే కంప్యూటర్లలోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ తాళాలూ వెళ్లిపోయి ఉంటాయి. ప్రాజెక్టు హోమ్ బయట, /ఆప్ట్‌లో ఉంటే మరీ వినోదం: ఇల్లంతా ఊడ్చుకుపోతుంది, దొంగ ~ మాత్రం చెక్కుచెదరదు.

చేయాల్సింది ఇంతే: ఎంవీ ./~ చెత్త అని ముందు పేరు మార్చాలి. ఆ చుక్కా స్లాషూ ఉంటే షెల్లు ~ని ముట్టుకోదు. లోపల ఏముందో చూసి, అప్పుడు ఆర్‌ఎం -ఆర్ చెత్త. ప్రోగ్రాంలో ఆ దారిని, ~ని విప్పే ఎక్స్‌పాండ్‌యూజర్ గుండా పంపాలి. బ్యాష్‌ఆర్‌సీలో ~ బదులు $హోమ్ రాస్తే డబుల్ కోట్స్ ఉన్నా విప్పుకుంటుంది. సింగిల్ కోట్స్ పెట్టారో, ఈసారి $హోమ్ అనే పేరుతో ఇంకో ఫోల్డర్ వెలుస్తుంది.