అతిసారానికి మర్యాద తెలియదు

వానలు మొదలైతే దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో వాంతులు, విరేచనాల భయం మొదలవుతుంది. ఇందులో అధికారుల తప్పేమీ లేదని నా దృఢాభిప్రాయం. తప్పంతా క్రిమిది. కలరానే తీసుకోండి. ఒంట్లో చేరిన కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లోపు బయటపడుతుంది. వైద్య శిబిరం పెట్టాలంటే ముఖ్య అతిథికి తీరిక దొరకాలి, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలో తేలాలి. ఐదు రోజుల్లో అది తేలుతుందా? క్రిమి ఓ రెండు వారాలు ఓపిక పడితే ఎవరికీ టెన్షన్ ఉండదు.

శిబిరం జరిగిందంటే మాత్రం ఘనంగా జరుగుతుంది. షామియానా, మైకు, శాలువాలు. ఒక్క ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను ఆరుగురు పట్టుకొని అందిస్తారు. అవ్వ ముఖం ఫొటోలో పడకపోతే వెనక్కి తీసుకొని మళ్లీ ఇస్తారు. నీరసపడ్డవాళ్లను ముందు వరుసలో కూర్చోబెడతారు. లేచి పోలేని శ్రోతలు ఏ వక్తకైనా వరమే.

గిట్టనివాళ్లు 1971 సంగతి ఎత్తుతారు. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో, బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులకు కలరా సోకింది. సెలైన్ సరిపోక డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, తినే సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు 4 లోపుకు దిగాయి. బాగానే ఉంది. మరి డ్రమ్ము మీద దాత పేరేది? అప్పటికి ఫ్లెక్సీ పుట్టలేదు కాబట్టి ఆయన్ని క్షమించేద్దాం.

మన దగ్గర సభ ముగిసే వేళకు ఎవరో ఒకరు లేచి రసాభాస చేస్తారు. "సారూ, మంచినీళ్ల పైపు మోరీలకెళ్లి పోతది. ఆడ పలిగింది. గది జర జూడుండ్రి." ఎంత అమాయకత్వం! ఆరోగ్యశాఖ పరిధి రోగి గొంతు దగ్గర మొదలవుతుంది. గొంతు దాకా వచ్చే నీళ్లు ఇంకో శాఖవి. నల్లా నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని నిబంధన ఉంది, రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు తేలి ఆ సంగతి చెబుతుంది. అయితే పసుపు రంగు ఫొటోలో అంతగా పడదు. వేదిక మీదివాళ్లు మాత్రం జాగ్రత్తపరులు, సీలు తీయని బాటిల్ నీళ్లే తాగుతారు. తొలి వాంతి నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి క్లోరిన్ బిళ్లలు పంచిన ఆశా కార్యకర్తకు ఆ బాటిళ్లు అందించే గౌరవం దక్కుతుంది.

నాదొక్క సూచన. పలిగిన పైపు దగ్గరే శిలాఫలకం వేసి, మరమ్మతుకు ప్రారంభోత్సవం పెట్టండి. ముఖ్య అతిథి వస్తారంటే పైపు ముందురోజు రాత్రికే బాగవుతుంది. మోరీ కంపు అంటారా, 2020లో తెచ్చిన మాస్కులు ఏ స్టోర్‌రూములోనో ఇంకా ఉండే ఉంటాయి.