కట్టు విప్పని సిపాయి

మాది విశాఖపట్నమండీ. పొద్దున్నే బీచ్ రోడ్డులో వాకింగ్‌కి వెళ్తే ఇటు కురుసుర సబ్‌మెరైన్, అటు టీయూ-142 విమానం, సాయంత్రమైతే మధ్యలో ముంత మసాలా, డిసెంబర్ 4 వస్తే నేవీ డే హడావిడి, కాబట్టి యుద్ధం గురించి మాకింకొకడు చెప్పక్కర్లేదనే అనుకున్నా. అమ్మాయిని చూడ్డానికి షికాగో వెళ్తే, అల్లుడు నన్ను పక్కనే షాంబర్గ్‌లో జరిగే బొమ్మ సైనికుల షోకి తీసుకెళ్లేదాకా.

షో ఒక్కరోజే గానీ, అంతకు కొన్ని రోజుల ముందునుంచే అమ్మేవాళ్లు హోటల్లో రూములు తీసుకుని, తలుపులు బార్లా తెరిచి, మంచాల మీదా టీవీ పక్కనా పటాలాలకి పటాలాలు దింపేస్తారు. ముక్కూమొహం తెలీనోళ్ల పడగ్గదిలోకి బూట్లేసుకుని పోయి బేరమాడ్డమే, దీన్ని రూం ట్రేడింగ్ అంటారట. మనూళ్లో చేస్తే వీధి వీధంతా లేస్తుంది. ఒకాయన మంచం నిండా బెంగాల్ లాన్సర్లు, అంటే తెల్లదొరల కాలం నాటి మన ఈటెల రౌతులు, గుర్రాలతో సహా ఉన్నారు, మరి రాత్రికి తమరెక్కడ పడుకుంటారండీ అని అడగబోతే అల్లుడు మోచెయ్యి నొక్కాడు.

అక్కడే తెలిసింది, లండన్‌లో బ్రిటన్ అనే కుటుంబం 1893లో ఓ ఉపాయం కనిపెట్టిందట, కరిగిన సీసం అచ్చులో పోసి, పైపొర గట్టిపడగానే లోపలిది మళ్లీ ఒంపేయడం. సిపాయి డొల్ల, సీసం మిగులు, ధర తక్కువ, ఇంకేముంది జర్మనీ గట్టి సిపాయిలు మార్కెట్లో చిత్తు. లోపలేమీ లేనోడు నెగ్గడం నాకేం కొత్త కాదు, వార్డు ఎలక్షన్లు చూసినోణ్ణి.

నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధం సిపాయిలు ఎన్నంటే అన్ని. మన పద్మనాభం యుద్ధం, 1794, చిన విజయరామరాజు గారు కంపెనీ వాళ్లతో పోరాడి పోయిన చోటు, దానివి ఉన్నాయాండీ అంటే అందరూ నా మొహం చూశారు.

ఇక విలువ సంగతి. పిల్లలు ఆడి రంగు రాల్చిన సిపాయికి లెక్కే లేదు. అసలు పెట్టెలో, ఫ్యాక్టరీలో కట్టిన దారం కట్టినట్టే ఉండి, వందేళ్లుగా కదలనివాడికే మహా గౌరవం. ఇదేం వింత పద్ధతి అనుకున్నా గానీ మా ఆఫీసులోనూ ఇంతే కదా, ముప్పై ఏళ్లు సీట్లోంచి లేవనాయనకే రిటైర్మెంట్ నాడు పెద్ద శాలువా పడింది.

అలాంటోణ్ణి ఒకణ్ణి నేనూ కొన్నా. రేటు చెప్పను, మా ఆవిడ ఇది చదువుతుంది.

ఇంటికొచ్చాక పెట్టె తెరిచి చూసి "ఏటండీ ఇది, సీసమేనా?" అంది. అవును, ఆ బ్రిటన్ వాళ్లు సీసం వాడ్డం 1966లో మానేశారులే అన్నా. మానేసింది ఎందుకో ఆవిడకి వెంటనే అర్థమైపోయింది. దసరాకి కొలువులో ఎక్కడ పెట్టాలా అని నేను ఆలోచిస్తుంటే, మనవడికి అందకుండా తీసుకెళ్లి పైమెట్టు మీద దశావతారాల పక్కన, పెట్టెతో సహా, దారంతో సహా పెట్టేసింది.

కిందమెట్టు దగ్గర వాడు ఏటికొప్పాక లక్కబొంగరం నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. పైనున్నాయన మాత్రం ఇంకా డ్యూటీలో చేరలేదు.